దారి మూసుకుపోయిన కార్ల ఓడ

సముద్ర దారులు – 12వ భాగం

గత సంచికలో: 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ మీదుగా ప్రయాణికులను మోయడం మొదలైంది. కొద్ది ఏళ్లలోనే, తరతరాలుగా ఆ సముద్రాన్ని ఏలిన పెద్ద ప్రయాణికుల ఓడలు, అంటే లైనర్లు, సగం ఖాళీగా తిరిగే స్థితికి వచ్చాయి. ఇక ఇప్పుడు...

1966 అక్టోబరు చివర్లో, స్పెయిన్ దక్షిణ కొసన లా లీనియా అనే ఊళ్లో, ఒక సరిహద్దు గేటు వాహనాలకు మూతపడింది. గేటుకు అవతల బ్రిటన్ ఏలుబడిలో ఉన్న జిబ్రాల్టర్ కొండ. ఆ కొండ తమదేనని, తిరిగి ఇచ్చెయ్యాలని స్పెయిన్ నియంత ఫ్రాంకో పట్టుబడుతున్నాడు. 1964 నుంచే తనిఖీల పేరుతో వాహనాలను గంటల తరబడి ఆపుతున్నారు. ఈసారి కార్లు, లారీలు, సరుకులు ఏవీ దాటడానికి వీల్లేదని తేల్చేశారు. 1969 జూన్‌లో కాలినడక దారి కూడా మూసేశారు. ఆ దారి మళ్లీ తెరుచుకోవడానికి 1982 చివరి దాకా, వాహనాలు తిరగడానికి 1985 దాకా పట్టింది.

ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ఏటా మూడు కోట్ల మందికి పైగా విహార నౌకలు ఎక్కుతున్నారు. ఈ వ్యాపారం ఇప్పుడున్న రూపం తీసుకున్న తొలి రోజుల్ని వెతుక్కుంటూ వెనక్కి వెళితే ఆ మూసిన గేటు దగ్గర ఆగాల్సి వస్తుంది. ఎందుకంటే ఆ గేటు మీదే ఆశ పెట్టుకుని, అంతకు కొద్ది నెలల ముందే, నార్వేలో కొత్తగా ఒక ఓడ కట్టారు. దాని పేరు సన్‌వార్డ్.

ఎండ కోసం కట్టిన ఓడ

కృష్ణా నది మీద బల్లకట్టు ఎక్కినవాళ్లకు కార్ ఫెర్రీ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. లారీలు, మోటారు సైకిళ్లు చక్రాల మీదే లోపలికి వస్తాయి, అవతలి ఒడ్డున చక్రాల మీదే దిగిపోతాయి. సముద్రం మీద కార్ ఫెర్రీ చేసే పనీ అదే. కాకపోతే ప్రయాణానికి రాత్రులు పడతాయి గనుక వాహనాల డెక్కు పైన క్యాబిన్లు, భోజనశాల, కూర్చునే హాళ్లు కడతారు.

1960లలో ఉత్తర ఐరోపాలో మధ్యతరగతి ఇళ్ల ముందు కార్లు వెలిశాయి. చలిదేశాల వాళ్లకు సెలవులంటే స్పెయిన్, పోర్చుగల్ ఎండే. సొంత కారుతో సహా వాళ్లను అక్కడికి చేరవేస్తే ఎలా ఉంటుందని నార్వే ఓడల యజమాని క్నుట్ క్లోస్టర్ ఆలోచించాడు. ఆయన కుటుంబ కంపెనీ 1906 నాటిది. చమురు ట్యాంకర్లు, సరుకు ఓడలు నడిపిన ఇల్లు. ప్రయాణికుల వ్యాపారంలో అనుభవం లేదు. అయినా ముప్ఫయ్యేడేళ్ల క్లోస్టర్ బెర్గెన్‌లోని ఓడల కర్మాగారంలో సన్‌వార్డ్ కట్టించాడు. పొడవు సుమారు 140 మీటర్లు, 8,666 గ్రాస్ టన్నులు. గ్రాస్ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. సుమారు 550 మంది ప్రయాణికులకు పడకలు, కింద వాహనాల డెక్కు, వెనుక ర్యాంపు.

1966 వేసవిలో అది ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి స్పెయిన్‌లోని విగో, పోర్చుగల్‌లోని లిస్బన్ మీదుగా జిబ్రాల్టర్‌కు తిరగడం మొదలుపెట్టింది. అదే జులైలో బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ పౌండు విలువను కాపాడుకోవడానికి ఒక కట్టడి ప్రకటించాడు. విదేశీ విహారానికి వెళ్లేవాళ్లు మనిషికి 50 పౌండ్లకు మించి తీసుకెళ్లకూడదు. స్పెయిన్‌లో కారేసుకుని నాలుగు వారాలు తిరగాలనుకున్న కుటుంబం ఆ మాటతో వెనక్కి తగ్గింది. ఆ తర్వాత మూడు నెలలకు లా లీనియా గేటు పడింది. జిబ్రాల్టర్‌లో దిగిన కారుకు ఆ చిన్న కొండ చుట్టూ తిరగడం తప్ప మరో దారి లేకుండా పోయింది. శీతాకాలం వచ్చేసరికి కొత్త ఓడకు పని లేదు. అప్పు మాత్రం అలాగే ఉంది.

ప్రయాణికులున్నారు, ఓడ లేదు

అదే సమయంలో అమెరికాలోని మియామీలో టెడ్ ఆరిసన్‌కు దీనికి సరిగ్గా తిరగబడ్డ కష్టం వచ్చింది. 1924లో టెల్ అవీవ్‌లో పుట్టిన ఆరిసన్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యపు యూదు బ్రిగేడ్‌లో, 1948లో ఇజ్రాయెల్ తరఫున పోరాడాడు. 1952లో అమెరికా వచ్చి విమాన సరుకు రవాణా వ్యాపారం చేశాడు. తర్వాత ఓడల వైపు తిరిగి, ఇజ్రాయెల్‌లో పనిలేక ఉన్న కార్ ఫెర్రీలను మియామీకి తెచ్చి విహార యాత్రలకు తిప్పాడు. వాటిలో ఒకటి నిలీ. దాని యజమానులు అప్పుల్లో కూరుకుపోవడంతో 1966లో ఆ ఓడ ఆరిసన్ చేజారింది. ముందుగానే అమ్మిన టికెట్లు, టికెట్లు అమ్మే ఏజెంట్లు, శీతాకాలమంతా బహామా దీవులకు వెళ్లడానికి సిద్ధంగా ఉన్న జనం ఆయన దగ్గర మిగిలారు. ఎక్కించడానికి ఓడ లేదు.

పని లేని కొత్త ఫెర్రీ ఒకటి నార్వే యజమాని చేతిలో ఉందని తెలిసి ఆరిసన్ క్లోస్టర్‌కు ఫోన్ చేశాడు. మీ దగ్గర ఓడ ఉంది, నా దగ్గర ప్రయాణికులున్నారు, కలిసి చేద్దామన్నది ఆ మాటల సారాంశం. వాళ్లిద్దరికీ అంతకుముందు పరిచయం లేదు. ఒకరు నార్వే చలిలో ట్యాంకర్ల లెక్కలు చూసుకునే మనిషి, ఇంకొకరు మియామీ ఎండలో అవకాశం కోసం వెతికే మనిషి. ఒప్పందం కుదిరింది, సన్‌వార్డ్ అట్లాంటిక్ దాటింది. నార్వేజియన్ కరీబియన్ లైన్ పుట్టింది అలాగే. ఇప్పుడు నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అని పిలుస్తున్నది దాన్నే.

అంతకు ఏడాది ముందు కాలిపోయిన ఓడ

సన్‌వార్డ్ మియామీకి వచ్చిన అదను అర్థం కావాలంటే ఒక విషాదం గుర్తు చేసుకోవాలి. 1959 విప్లవం దాకా మియామీ నుంచి సముద్ర విహారమంటే క్యూబా రాజధాని హవానానే. ఆ దారి మూసుకుపోయాక ఓడలన్నీ బహామాల్లోని నసావు వైపు మళ్లాయి. వాటిలో చాలావరకు ముసలి ఓడలు. 1920లు, 30లలో కట్టినవి. లోపల చెక్క పలకలు, పొరలు పొరలుగా రంగు.

అలాంటి ఓడ యార్మౌత్ కాసిల్. 1927లో కట్టింది, పనామా జెండాతో తిరిగేది. 1965 నవంబరు 12 సాయంత్రం 552 మందితో మియామీ నుంచి నసావు బయలుదేరింది. అర్ధరాత్రి దాటాక పరుపులు, సామాన్లు పడేసిన ఒక ఖాళీ గదిలో నిప్పు రాజుకుంది. చెక్క గోడల వెంట మంట మెట్ల మార్గం గుండా పైకి ఎగబాకింది. ప్రమాద గంట మోగలేదు. సాయానికి వచ్చిన ఓడను మొదట చేరిన లైఫ్‌బోటులో కెప్టెన్ కనిపించడం ఆనాటి వాళ్లను ఎంత కలచివేసిందో చెప్పనక్కర్లేదు. దగ్గరలో ఉన్న ఫిన్‌పల్ప్ అనే ఫిన్లండ్ సరుకు ఓడ, బహామా స్టార్ అనే ప్రయాణికుల ఓడ పరుగున వచ్చి వందల మందిని కాపాడాయి. తెల్లవారుజామున ఆరు గంటలకు యార్మౌత్ కాసిల్ మునిగింది. 90 మంది చనిపోయారు. మరుసటి ఏప్రిల్‌లో వైకింగ్ ప్రిన్సెస్ అనే మరో ఓడ క్యూబా దగ్గర కాలిపోయింది. అందులోని వాళ్లు దాదాపు అందరూ బయటపడ్డారు.

ఈ రెండు మంటలు చట్టాన్ని కదిలించాయి. 1966లో అంతర్జాతీయ నౌకా సంస్థ పాత ప్రయాణికుల ఓడలకు అగ్ని భద్రత నియమాలు బిగించింది. ఆ నవంబరులోనే అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చింది. తమ రేవుల నుంచి బయలుదేరే ఓడ ఏ భద్రతా ప్రమాణాలతో కట్టిందో ప్రకటనల్లోనే చెప్పాలి, ప్రయాణం రద్దయితే టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వగలనని కంపెనీ నిరూపించుకోవాలి. ముసలి ఓడలు నడిపేవాళ్లకు ఇవి గడ్డు రోజులు. ఆ చట్టం మీద సంతకం పడిన ఆరు వారాలకు, ఆ ఏడాదే కట్టిన ఓడ మియామీ రేవులోకి వచ్చి నిలబడింది.

1966 డిసెంబరు 19

ఆ రోజు సన్‌వార్డ్ మియామీ నుంచి నసావుకు తన మొదటి విహార యాత్రకు బయలుదేరింది. దూరం సుమారు 300 కిలోమీటర్లు. రాత్రి నిద్రపోయి పొద్దున్నే దిగగలిగినంత దగ్గర. మూడు రోజుల యాత్ర ఒకటి, నాలుగు రోజుల యాత్ర ఒకటి, ఏడాది పొడుగునా వారానికి వారం అదే వరస. ఈ క్రమమే కొత్త. అంతకుముందు పెద్ద కంపెనీలు వేసవిలో అట్లాంటిక్ దాటించి, శీతాకాలంలో గిరాకీ లేనప్పుడు మాత్రమే లైనర్లను విహారానికి పంపేవి. ఇక్కడ విహారమే పని. ఉద్యోగి నాలుగు రోజులు సెలవు పెట్టి, న్యూయార్క్ నుంచి విమానంలో వచ్చి, ఓడ ఎక్కి, మళ్లీ సోమవారానికి ఆఫీసులో ఉండొచ్చు. లైనర్లను దెబ్బతీసిన జెట్ విమానమే ఈ కొత్త ఓడలకు జనాన్ని మోసుకొచ్చింది.

ఫెర్రీగా కట్టిన ఓడ ఈ పనికి ఎలా సరిపోయిందన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన ప్రశ్న. లైనర్‌ను తరగతుల కోసం కట్టారు. మొదటి తరగతి వాళ్ల మెట్లు వేరు, అడుగు తరగతి వాళ్ల మెట్లు వేరు. మధ్యలో గోడలు, మూసిన తలుపులు. ఉత్తర అట్లాంటిక్ చలిగాలికి డెక్కులు మూసి ఉంటాయి. నీటిలో లోతుగా కూర్చుంటాయి గనుక చిన్న దీవుల రేవుల్లోకి పోలేవు. వేగం కోసం పెట్టిన ఆవిరి టర్బైన్లు ఇంధనం తాగుతాయి.

ఫెర్రీ లక్షణాలన్నీ దీనికి ఎదురు. కారేసుకుని వచ్చే కుటుంబాల కోసం కట్టారు గనుక తరగతుల గోడలు లేవు. డీజిల్ ఇంజన్లు ఖర్చు తక్కువ. నీటిలో తక్కువ లోతు చాలు. పొద్దున రేవు పట్టి, జనాన్ని దించి, సాయంత్రానికి మళ్లీ నింపుకుని కదలడం దానికి రోజువారీ అలవాటు. అందుకే తక్కువ ధరకు టికెట్టు ఇవ్వగలిగింది. పైన యాత్రికులు ఎండలో పడుకుంటే కింద వాహనాల డెక్కులో సరుకు ట్రెయిలర్లు నసావుకు వెళ్లేవి. తినే తిండిలో ఎక్కువ భాగం బయటి నుంచి తెచ్చుకునే దీవులవి. ర్యాంపు తెరిస్తే ట్రెయిలర్లు చక్రాల మీదే దిగేవి. ఒకే ప్రయాణం మీద రెండు ఆదాయాలు. ప్రయాణికులు తక్కువైన వారంలో సరుకు నిలబెట్టేది.

డెక్కు కింద నుంచి క్యాబిన్లు

గిరాకీ చూసి క్లోస్టర్ వెంటనే మరిన్ని ఓడలు కట్టించాడు. 1968లో వచ్చిన స్టార్‌వార్డ్‌లోనూ వాహనాల డెక్కు ఉంది. దాని పరిమాణం దాదాపు 13,000 గ్రాస్ టన్నులు. 1969లో వచ్చిన స్కైవార్డ్‌లో ఆ డెక్కే లేదు, మొత్తం ప్రయాణికులకే. 1971లో ఇటలీ నుంచి సౌత్‌వార్డ్ వచ్చింది. కొన్నేళ్లకు స్టార్‌వార్డ్ లోపలి వాహనాల చోటును కూడా తీసేసి క్యాబిన్లు కట్టారు. సరుకు మోసి తెచ్చే రాబడి కన్నా అదే చోట నిద్రపోయే మనిషి ఇచ్చే రాబడి ఎక్కువని లెక్క తేలింది.

ఇలాంటి మార్పు రాసినంత తేలిక కాదు. వాహనాల డెక్కు నీటి మట్టానికి దగ్గర్లో, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా అడ్డుగోడలు లేని పొడవైన గది. అక్కడ మనుషులు పడుకోవాలంటే మంటలు పాకకుండా గోడలు కట్టాలి, బయటికి దారులు తీయాలి, గాలి గొట్టాలు, మంచినీళ్లు, మురుగునీటి పైపులు లాగాలి. బరువు ఎక్కడ చేరుతుందో లెక్కగట్టి ఓడ నిలకడ చూసుకోవాలి. కట్టిన పని ఒకటి, చేసే పని ఇంకొకటి అయిన ఓడలన్నిటికీ ఈ శ్రమ తప్పలేదు. ఆ శ్రమ చేసినవాళ్ల పేర్లు మాత్రం పోస్టర్ల మీద పడలేదు.

అట్లాంటిక్ వైపు ఇలా ఉంటే, పసిఫిక్ వైపు దీనికి ఏడాది ముందే దాదాపు ఇదే జరిగింది. కెనడియన్ పసిఫిక్ కంపెనీకి ప్రిన్సెస్ ప్యాట్రిషియా అనే తీరప్రాంత ఫెర్రీ ఉండేది. 1965లో స్టాన్లీ మెక్‌డొనాల్డ్ అనే వ్యాపారి దాన్ని శీతాకాలానికి అద్దెకు తీసుకుని లాస్ ఏంజలెస్ నుంచి మెక్సికో తీరానికి విహార యాత్రలు నడిపాడు. చల్లని నీళ్ల కోసం కట్టిన ఆ ఓడ ఉష్ణ సముద్రపు వేడికి సరిపోలేదు, అయినా వ్యాపారం నిలబడింది. ప్రిన్సెస్ క్రూయిజెస్‌కు ఆ పేరు వచ్చింది ఆ ఫెర్రీ నుంచే. ఇవాళ్టి పెద్ద కంపెనీల్లో రెండింటికి మొదటి ఓడ ఫెర్రీ కావడం కేవలం కాకతాళీయమని నేననుకోను. మామూలు జనం కోసం కట్టిన ఓడలే మామూలు జనానికి సముద్రాన్ని తెరిచాయి.

విడిపోయిన ఇద్దరు

క్లోస్టర్, ఆరిసన్‌ల స్నేహం డబ్బు లెక్కల దగ్గర చెడింది. తగాదా కోర్టుదాకా వెళ్లింది. ఆరిసన్ ఊరుకోలేదు. కెనడియన్ పసిఫిక్ లైనర్ ఎంప్రెస్ ఆఫ్ కెనడాను కొని, మార్డి గ్రా అని పేరు పెట్టి, 1972లో కార్నివాల్ క్రూయిజ్ లైన్స్ మొదలుపెట్టాడు. మార్చి 11న మొదటి యాత్ర. మియామీ రేవు దాటీ దాటగానే ఓడ ఇసుక మేటలో కూరుకుంది, ఊరంతా ఒడ్డు నుంచి చూసింది. నష్టాల్లో మునిగిన ఆ కంపెనీని 1974లో, పెట్టుబడి పెట్టిన సంస్థ నుంచి, 50 లక్షల డాలర్ల అప్పు నెత్తినేసుకుని, ఒక్క డాలరుకు కొన్నాడు. 1999లో ఆరిసన్ చనిపోయేనాటికి కార్నివాల్ ప్రపంచంలోకెల్లా పెద్ద విహార నౌకల కంపెనీ. ఈలోగా, 1970లో, నార్వే వాళ్లే రాయల్ కరీబియన్ తరఫున సాంగ్ ఆఫ్ నార్వేను మియామీకి పంపారు. ఆ పరిశ్రమలోని ఈ మూడు పెద్ద పేర్లలో రెండింటి మూలం సన్‌వార్డ్ దగ్గర కలుస్తుంది. మూడోది దాని విజయం చూసి వచ్చింది.

సన్‌వార్డ్‌కు మాత్రం ఆ వైభవంలో వాటా దక్కలేదు. పక్కన పెద్ద ఓడలు వచ్చాక చిన్నదైపోయింది. 1973 నాటికి ఫ్రెంచి కంపెనీకి అమ్మేశారు. ఇల్ ద బోతె అనే కొత్త పేరుతో ఫ్రాన్స్‌కూ కార్సికా దీవికీ మధ్య మళ్లీ కార్లు మోసింది. తర్వాత గల్ఫ్‌లో కార్మికులు బస చేసే ఓడగా గ్రాండ్ ఫ్లోటెల్ అయింది, ఎర్రసముద్రంలో సౌదీ మూన్ 1 అయింది, 1988 నుంచి మళ్లీ విహారానికి వచ్చి ఓషన్ స్పిరిట్, స్కాండినేవియన్ సాంగ్, శాంటియాగో ద క్యూబా, ఎంప్రెస్ అని పేర్లు మారుస్తూ ఆసియా సముద్రాల దాకా వచ్చింది. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో ముక్కలైంది. ఒక పరిశ్రమ తొలి ఓడల్లో ఒకటి అది. దాన్ని దాచిపెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మహారాజుల కోసం కట్టిన ఓడలకు మ్యూజియంలు ఉన్నాయి, క్లర్కులకూ టీచర్లకూ సముద్రం చూపించిన ఓడకు ఒక ఇత్తడి పలక కూడా మిగల్లేదు.

విశాఖ రేవు దాకా

ఆ వారసత్వం మన తీరం దాకా కూడా వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజెస్ వారి ఎంప్రెస్ అనే వేరే ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు దాన్ని చూడటానికి జనం బారులు తీరారు. విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై మీదుగా కొన్ని రాత్రుల యాత్ర. ఆ ఓడ అసలు పేరు నార్డిక్ ఎంప్రెస్. 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజేర్‌లో రాయల్ కరీబియన్ కోసం కట్టారు. మియామీ నుంచి బహామాలకు మూడు, నాలుగు రాత్రుల యాత్రల కోసమే దాని రూపురేఖలు గీశారు. సన్‌వార్డ్ మొదలుపెట్టిన ఆ చిన్న యాత్ర అప్పటికి ఎంత బలంగా స్థిరపడిందంటే, దానికోసమే 48,000 గ్రాస్ టన్నుల ఓడ కట్టాల్సి వచ్చింది. విశాఖలో టికెట్టు కొని ఆ మెట్లెక్కిన తెలుగు కుటుంబం, తెలిసినా తెలియకపోయినా, క్లోస్టర్, ఆరిసన్ 1966లో కుదుర్చుకున్న లెక్క ప్రకారమే ప్రయాణించింది: దగ్గరి రేవు, తక్కువ రోజులు, సామాన్యుడు భరించగల ధర.

ఒక నియంత మూసిన గేటు, ఒక ప్రభుత్వం విధించిన 50 పౌండ్ల హద్దు, ఒక ఓడలో రాజుకున్న మంట, ఒకరి అప్పు, ఇంకొకరి ఖాళీ చేతులు. ఇవేవీ విహారం గురించి కావు. అయినా ఇవన్నీ ఒక్క ఏడాదిలో ఒక్క ఓడ మీద కలిశాయి. పెద్ద పరిశ్రమలు దార్శనికుల కలల్లోంచే పుడతాయని మనకు చెబుతుంటారు. సన్‌వార్డ్ చరిత్ర చదివితే, చేతిలో ఉన్నదాన్ని ఇంకో పనికి పెట్టగలగడం కూడా అంతే గొప్ప దార్శనికత అని నేను నమ్ముతాను.

క్లోస్టర్ ఆ పాఠాన్ని మరచిపోలేదు. 1979లో లె హావ్ర్ రేవులో అయిదేళ్లుగా ఖాళీగా పడి ఉన్న ఒక మహా లైనర్ దగ్గరికి వెళ్లాడు. ఫ్రాన్స్ దేశం తన పేరే పెట్టుకున్న ఓడ అది. దాన్ని 1.8 కోట్ల డాలర్లకు కొని కరీబియన్‌కు తెచ్చిన సాహసం, చివరకు గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ముగిసిన దాని ప్రయాణం, మన సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వివాదం వచ్చే భాగంలో.

(సశేషం)